పూజ సరే.. పరీక్ష జరిగిందా?
దసరా సెలవుల్లో దూర ప్రయాణానికి ద్విచక్ర వాహనాన్ని సిద్ధం చేసుకోవలసిన తీరు

పోచారం (ఘట్‌కేసర్): మహర్నవమి వచ్చిందంటే ద్విచక్ర వాహనాలకు తలంటు స్నానమే. కడిగి, తుడిచి, పసుపు కుంకుమలు అద్ది, బంతిపూల దండ వేసి, చక్రం కింద నిమ్మకాయ పెట్టి ముందుకు నడిపించడం ఇంటింటా కనిపించే ఆచారం. ఆ మరునాడో, ఆ వారాంతంలోనో అదే బండిపై యాదగిరిగుట్టకో, ఓరుగల్లుకో, రామప్పకో బయలుదేరేవారు ఉప్పల్, నాచారం మొదలుకొని పోచారం, ఘట్‌కేసర్ వరకు ఎందరో ఉన్నారు. బండి మెరుస్తున్నదా అని చూసేవారే తప్ప, రెండు వందల కిలోమీటర్లు నడవగల స్థితిలో ఉన్నదా అని చూసేవారు అరుదు. బండిలోని ప్రతి భాగాన్నీ చేత్తో తాకి తుడిచే రోజు చాలామందికి ఏడాదిలో ఇదొక్కటే. ఆ తుడిచే పనినే పరీక్షగా మార్చుకుంటే దారిలో ఎదురయ్యే ఇక్కట్లలో చాలా వరకు ఇంటి ముంగిట్లోనే తీరిపోతాయి.

ఇంత జాగ్రత్త ఎందుకో కేంద్ర రహదారి రవాణా శాఖ లెక్కలే చెబుతాయి. 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా, వారిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాలపై ఉన్నవారే. హెల్మెట్ ధరించక ఆ ఏడాది మరణించినవారు 50,029 మంది. వారిలో 14,337 మంది వెనుక సీటుపై కూర్చున్నవారు.

రోజూ నడిచే బండే కదా..!

'రోజూ డ్యూటీకి పోయే బండే కదా, ఏమవుతుంది' అన్న ధీమాయే చాలామందిని దారి మధ్యలో నిలబెడుతుంది. నాచారం పారిశ్రామికవాడకో, పోచారంలోని ఇన్ఫోసిస్ ప్రాంగణానికో రోజూ వెళ్లివచ్చే బండి ఒక విడతలో పది, పదిహేను కిలోమీటర్లు మించి నడవదు. వేగం ముప్పై, నలభై. నడుమ సిగ్నళ్లు. ఇంజన్ పూర్తిగా వేడెక్కే సరికి గమ్యం వచ్చేస్తుంది. అదే బండి వరంగల్ దారి పడితే ఇద్దరిని, సంచులను మోస్తూ అరవై, డెబ్బై కిలోమీటర్ల వేగంతో గంటల తరబడి ఆగకుండా నడవాలి. టైరులో గాలి కొద్దిగా తగ్గడం, చైన్ కాస్త వదులు కావడం, బ్రేకు కొంచెం ఆలస్యంగా పట్టడం వంటివి రోజువారీ ప్రయాణంలో తెలియవు. దూర ప్రయాణంలో మొదటి గంటలోనే అవి బయటపడతాయి.

దీనికితోడు దసరా వచ్చేది వర్షాకాలం వెంబడే. మూడు, నాలుగు నెలలు బురదలో, గుంతల్లో, నిలిచిన నీళ్లలో నడిచిన బండి అది. చైన్‌కు తుప్పు, బ్రేకు డ్రమ్ముల్లో మట్టి, వైర్లలో తేమ, ఎయిర్ ఫిల్టర్‌లో చెమ్మ, గుంతల దెబ్బకు వదులైన పుల్లలు.. ఇవన్నీ వాన మిగిల్చిపోయిన జబ్బులు.

కడిగే తీరులోనే ముప్పు

పూజకు ముందు బండిని వాటర్ సర్వీసింగ్‌కు ఇవ్వడం పరిపాటి. పైపుతో వేగంగా కొట్టే నీటి ధార మురికితో పాటు చైన్‌కున్న ఆయిల్‌ను కూడా కడిగేస్తుంది. డ్రమ్ములోకి నీరు చేరితే కొంతసేపు బ్రేకు పట్టదు. కాబట్టి కడిగిన వెంటనే వేగంగా వెళ్లరాదు. ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడుపుతూ, రెండు బ్రేకులను తేలికగా నొక్కుతూ తడిని ఆరనివ్వాలి. పెట్రోలు ట్యాంకు మూత, ఎయిర్ ఫిల్టర్, స్విచ్చులు, సైలెన్సర్ కొనలపై నేరుగా నీటి ధార పడకుండా చూసుకోవాలి.

అలంకారంలోనూ మెలకువ అవసరం. టైర్లు నల్లగా నిగనిగలాడాలని పాలిష్ రాసేవారు ఉన్నారు. పక్కభాగానికి రాస్తే చూడముచ్చటగానే ఉంటుంది. రోడ్డును తాకే భాగానికి అంటితే మాత్రం మలుపులో చక్రం జారుతుంది. డిస్క్ బ్రేకు పళ్లెంపై నూనె గాని, పాలిష్ గాని, నూనెలో కలిపిన కుంకుమ గాని పడరాదు. ఆ జిడ్డు ప్యాడ్లకు పట్టిందంటే బ్రేకు పనితనం తగ్గిపోతుంది. హ్యాండిల్‌కు కట్టిన బంతిపూల దండ, మామిడి కొమ్మ, అరటి పిలకలు పూజ వరకే. వాటితో రహదారి ఎక్కితే దీపానికి అడ్డుపడడమే కాక, గాలికి తెగి ముందు చక్రంలోనో, బ్రేకు లీవరు సందులోనో చిక్కుకునే ప్రమాదం ఉంది. ఊరు దాటకముందే విప్పి దేవుని గూట్లో పెట్టడం ఉత్తమం.

టైర్లలో గాలి ఎంత?

నేలకు, బండికి నడుమ ఉండే సంబంధం రెండు అరచేతులంత రబ్బరు మాత్రమే. అందుకే పరీక్ష టైర్లతో మొదలు కావాలి. నూరు సీసీ బండ్లు చాలావాటికి ముందు టైరులో 25 పీఎస్ఐ, ఒక్కరే వెళ్తే వెనుక టైరులో 28 పీఎస్ఐ వరకు గాలి సరిపోతుంది. వెనుక మరొకరు కూర్చుంటే వెనుక టైరుకు ఇంకా ఎక్కువ కావాలి. కొన్ని బండ్లకు అది 40 పీఎస్ఐ వరకు ఉంటుంది. కచ్చితమైన అంకె బండితో ఇచ్చిన పుస్తకంలోనో, చైన్ కవరుపై అతికించిన కాగితంపైనో ఉంటుంది. దానినే పాటించాలి. గాలి తక్కువైతే టైరు పక్కభాగం ప్రతి చుట్టుకూ నలిగి వేడెక్కుతుంది. బరువు, వేగం, ఎండ తోడైతే పగిలిపోయే ప్రమాదం ఉంది. ఎక్కువైతే రోడ్డుపై పట్టు తగ్గుతుంది. నడిచి వేడెక్కిన టైరు అంకెను ఎక్కువగా చూపుతుంది కనుక, చల్లగా ఉన్నప్పుడే కొలవాలి.

టైరు గాడి లోతు ద్విచక్ర వాహనాలకు 0.8 మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదని మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. అది చివరి హద్దు మాత్రమే. గాడుల మధ్య చిన్న గట్టులా ఉండే గుర్తు వరకు టైరు అరిగితే మార్చవలసిందే. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు అది ఎప్పుడు తయారైందో చెబుతాయి. '2321' అని ఉంటే 2021లో 23వ వారం అని అర్థం. గాడులు బాగున్నా, ఏళ్లు గడిచి పక్కల పగుళ్లు వచ్చిన టైరును నమ్మరాదు. చక్రాన్ని చేత్తో తిప్పుతూ మేకులు, గాజు పెంకులు, ఉబ్బులు ఉన్నాయేమో చూడాలి. పుల్లల చక్రమైతే ఒక్కొక్క పుల్లను స్పానరుతో తట్టి చూస్తే సరి. బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది, వదులుగా ఉన్నది మొద్దుగా పలుకుతుంది.

బ్రేకులు.. వేగం రెట్టింపైతే దూరం నాలుగింతలు

వేగం పెరిగితే బండి ఆగడానికి పట్టే దూరం అదే పాళ్లలో పెరగదు, అంతకు మించి పెరుగుతుంది. వేగం రెట్టింపైతే బ్రేకు నొక్కాక సాగే దూరం నాలుగింతలవుతుంది. నలభై నుంచి అరవైకి పెంచినా అది రెండు రెట్లు దాటుతుంది. అరవై వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పరుగెడుతుంది. అంటే ఎదుట గేదె అడ్డొచ్చిందని గుర్తించి కాలు కదిపేలోపే అంత దూరం దాటిపోయి ఉంటాం.

డ్రమ్ము బ్రేకుల బండ్లకు వెనుక చక్రం వద్ద ఒక బాణం గుర్తు ఉంటుంది. బ్రేకు పూర్తిగా నొక్కినప్పుడు ఆ బాణం డ్రమ్ముపై ఉన్న గీతను చేరితే షూలు అరిగినట్లే. ఇక బిగించి లాభం లేదు, మార్చాలి. డిస్క్ బ్రేకులకు ప్యాడ్ల మందం, బ్రేకు ఆయిల్ మట్టం చూడాలి. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక రెండేళ్లకోసారి మార్చడం మంచిది. లీవరు మెత్తగా, స్పాంజిని నొక్కినట్లు అనిపిస్తే లోపల గాలి చేరిందని అర్థం. ముందు బ్రేకు వాడితే పడిపోతామన్న అపోహతో వెనుక బ్రేకుపైనే ఆధారపడేవారు ఎక్కువ. వాస్తవానికి బ్రేకు వేసినప్పుడు బరువు ముందుకు వాలి ముందు చక్రానికే పట్టు పెరుగుతుంది. తిన్నని దారిలో రెండింటినీ కలిపి, క్రమంగా నొక్కడమే సరైన పద్ధతి.

చైన్ పలుకుతోందా?

నడుస్తున్నప్పుడు చైన్ 'కటకట' మంటే అది ఇస్తున్న హెచ్చరికను వినాలి. సెంటర్ స్టాండ్ వేసి, కింది వరుస నడిమి భాగంలో వేలితో పైకి కిందకు కదిపితే చాలా బండ్లకు 20 నుంచి 30 మిల్లీమీటర్ల కదలిక ఉండాలి. చక్రం తిప్పుతూ మూడు, నాలుగు చోట్ల చూడాలి. ఒకచోట బిగువు, ఒకచోట వదులు ఉంటే చైన్ సమంగా సాగలేదని అర్థం. స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా వంగి, కొనలు సూదుల్లా తేలితే చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపి సెట్టుగా మార్చాలి. పాత పళ్లపై కొత్త చైన్ వేస్తే అదీ త్వరగానే పాడవుతుంది. వదులుగా ఉందని మరీ బిగించడమూ తప్పే. ఇద్దరు కూర్చున్నప్పుడు వెనుక షాక్ అబ్జార్బర్లు కుంగి చైన్ మరింత బిగుసుకుంటుంది. చైన్‌ను కిరోసిన్‌తో తుడిచి, ఆరాక, చైన్ స్ప్రే గాని, 90 నంబరు గేర్ ఆయిల్ గాని వేయాలి. ఇంజన్ నుంచి తీసిన నల్లని ఆయిల్ పోయడం కొందరి అలవాటు. అందులోని లోహపు రజను చైన్‌ను అరగదీస్తుంది.

ఇంజన్, పెట్రోలు, బ్యాటరీ

ఇంజన్ ఆయిల్ మట్టం చూడడానికి బండిని సమతలంపై సెంటర్ స్టాండ్ వేసి, కాసేపు నడిపి ఆపి, రెండు మూడు నిమిషాల తరువాత కడ్డీ తీసి చూడాలి. మార్చవలసిన గడువు ప్రయాణం మధ్యలో పడేట్లుంటే ముందే మార్చడం మేలు. చాలా మోటారు సైకిళ్లలో ఇంజన్‌కు, గేర్లకు, క్లచ్‌కు ఒకే ఆయిల్. కార్లకు వాడే ఆయిల్ పోస్తే క్లచ్ ప్లేట్లు జారే అవకాశం ఉంది. బండి పుస్తకంలో చెప్పిన గ్రేడు ఆయిలే వాడాలి. ఎయిర్ ఫిల్టర్ స్పాంజిదైతే కడిగి ఆరబెట్టుకోవచ్చు. జిడ్డు పూసిన కాగితపు ఫిల్టరైతే కడగరాదు, మార్చాలి.

ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ నీటిని తనలో కలుపుకునే గుణం కలది. నీరు మితిమీరితే అది పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగున చేరి బండి ఆగిపోతుంది. వానలో నిలిపిన బండి, వారాల తరబడి కదలని బండి అయితే ట్యాంకును ఒకసారి చూపించుకోవాలి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో చాలావాటికి కార్బురేటర్ లేదు, రిజర్వు తిప్పే ట్యాపు లేదు. పెట్రోలును ఎక్కించే పంపు విద్యుత్తుతో పనిచేస్తుంది. బ్యాటరీ పూర్తిగా పడిపోతే అటువంటి బండిని తోసినా స్టార్ట్ కావడం కష్టం. హారన్ నీరసంగా మోగడం, సెల్ఫ్ బరువుగా తిరగడం బ్యాటరీ బలహీనపడిందనడానికి గుర్తులు.

హెడ్‌లైట్, వెనుక ఎర్ర దీపం, నాలుగు ఇండికేటర్లు పరీక్షించాలి. బ్రేకు దీపం ముందు లీవరుకు, వెనుక పెడల్‌కు విడివిడిగా వెలగాలి. వెనుక మనిషి కూర్చుంటే బండి వెనక్కి కుంగి, హెడ్‌లైట్ వెలుగు పైకి లేస్తుంది. అప్పుడు మన దారి చీకటి, ఎదుటివారికి కళ్లు మిరుమిట్లు. కాబట్టి ఇద్దరూ కూర్చుని గోడ ఎదుట నిలిపి వెలుగును సరిచేసుకోవాలి.

నలుగురికి ఒక్క బండా?

భార్యాభర్తలు, నడుమ ఒక బిడ్డ, ట్యాంకుపై ఇంకొక బిడ్డ.. గుట్ట దారిలో తరచూ కనిపించే దృశ్యమిది. మోటారు వాహనాల చట్టం 128వ సెక్షన్ ప్రకారం నడిపేవారు కాక మరొక్కరికే అనుమతి. నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ తప్పనిసరి అని 129వ సెక్షన్ చెబుతోంది. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలను తీసుకెళ్తే రక్షణ పట్టీ, పిల్లల హెల్మెట్ ఉండాలని, వేగం 40 కిలోమీటర్లు దాటరాదని 2022లో వెలువడిన నిబంధన 2023 ఫిబ్రవరి నుంచి అమలులోకి వచ్చింది. కుటుంబమంతా వెళ్లాలనుకుంటే బస్సే క్షేమం.

వెనుక కూర్చునేవారి చీర కొంగు, చున్నీ చక్రంలో చిక్కి జరిగే ప్రమాదాలు తక్కువేమీ కాదు. అందం కోసం శారీ గార్డు తీసేసిన బండ్లకు మళ్లీ బిగించుకోవాలి. బరువైన సంచిని వెనుక క్యారియర్ కొసకు వేలాడదీస్తే ముందు చక్రం తేలికై హ్యాండిల్ వణుకుతుంది. బరువు సీటుకు దగ్గరగా, రెండు వైపులా సమంగా ఉండాలి. ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ ధరించి పట్టీ బిగించుకోవాలి.

దారి సంగతి

పోచారం నుంచి భువనగిరి సుమారు 27 కిలోమీటర్లు, యాదగిరిగుట్ట 40, వరంగల్ 120 కిలోమీటర్లు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన రామప్ప ఆలయం రెండు వందల కిలోమీటర్లకు చేరువ. ఘట్‌కేసర్ వద్ద కలిసే ఔటర్ రింగు రోడ్డు ప్రధాన మార్గంపైకి ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదు. బీబీనగర్ సమీపంలోని గూడూరు టోల్ గేటు వద్ద వీటికి రుసుము లేదు.

ఈ రహదారికి ఒక ప్రత్యేకత ఉంది. వరంగల్‌కు పోతున్నంత సేపూ దారి తూర్పు, ఈశాన్య దిశల్లో సాగుతుంది. ఉదయం ఎండ ఎదురుగా కొడుతుంది. సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు పడమటి ఎండ సూటిగా కళ్లలో పడుతుంది. గీతలు పడిన హెల్మెట్ అద్దం ఆ వెలుగును మరింత చెదరగొట్టి ఎదుటి బండిని కనిపించనీయదు. అద్దం మార్చుకోవడం చిన్న ఖర్చే. నల్ల అద్దమైతే చీకటి పడ్డాక పనికిరాదు. అక్టోబరులో ఆరు గంటలకే పొద్దు గుంకుతుందని గుర్తుంచుకొని తిరుగు ప్రయాణం లెక్క వేసుకోవాలి. పంట చేతికొచ్చే కాలం కనుక రోడ్ల అంచున మక్కలు, వడ్లు ఆరబోస్తారు. గింజలపై బ్రేకు వేస్తే గోళీలపై నడిచినట్లే జారుతుంది. రాత్రి వేళ కుప్పల చుట్టూ పెట్టిన రాళ్లు కనిపించవు.

వానలు పోయాయనుకోవడమూ పొరపాటే. 2020 అక్టోబరు 13న పోచారం పక్కనే ఉన్న సింగపూర్ టౌన్‌షిప్‌లో సుమారు 32 సెంటీమీటర్ల వర్షం కురిసింది. 2025 అక్టోబరు చివర 'మొంథా' తుపాను ప్రభావంతో హన్మకొండ, వరంగల్ నగరాల్లో కాలనీలు నీట మునిగాయి. బయలుదేరే ముందు వాతావరణ సూచన చూసుకోవాలి. పారుతున్న నీటిలోకి బండి దించరాదు.

ఎప్పుడు చేయించాలి?

పండుగ ముందు రోజు మెకానిక్ షెడ్ల వద్ద రద్దీ ఉంటుంది. హడావుడిలో ఏదో ఒక బోల్టు బిగించకుండా మిగిలిపోవచ్చు. కొత్త బ్రేకు షూలు డ్రమ్ముకు సర్దుకోవడానికి కొంత దూరం నడవాలి. కొత్త టైరు పైపొర నున్నగా ఉండి మొదటి వంద కిలోమీటర్లు పట్టు తక్కువగా ఉంటుంది. కొత్త క్లచ్ వైరు సాగి మళ్లీ సరిచేయవలసి వస్తుంది. అందుకే మరమ్మతులు కనీసం నాలుగైదు రోజుల ముందే పూర్తి కావాలి. ఆ తరువాత బీబీనగర్ దాకా ఒకసారి వెళ్లివచ్చి, బోల్టులు, చైన్, ఆయిల్ కారే గుర్తులు మళ్లీ చూసుకుంటే నిశ్చింత.

దసరా నాడు దారిలో పంక్చర్ దుకాణాలు తెరిచి ఉంటాయన్న నమ్మకం లేదు. ట్యూబు టైరు బండ్లవారు ఒక అదనపు ట్యూబు, ట్యూబ్‌లెస్ వారు పంక్చర్ కిట్టు, చిన్న పంపు వెంట ఉంచుకోవాలి. ప్లగ్ స్పానర్, అదనపు ప్లగ్, ఫ్యూజులు, క్లచ్ వైరు, చైన్ లాకు, టార్చి, తాడు, గుడ్డ ఒక చిన్న సంచిలో ఇమిడిపోతాయి. ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగితే వెంటనే పీకరాదు. అది ఉన్నంతసేపు గాలి నెమ్మదిగానే పోతుంది. లైసెన్సు, ఆర్సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రాలు డిజిలాకర్‌లో ఉన్నా చెల్లుతాయి. జాతీయ రహదారిపై ఆపదలో 1033, అంబులెన్సుకు 108 నంబర్లకు ఫోన్ చేయవచ్చు.

బయలుదేరే ఉదయం ఐదు నిమిషాలు

ఇంత చేసినా, బండి ఎక్కేముందు చివరి పరీక్ష ఒకటి మిగిలి ఉంటుంది. రెండు టైర్లలో గాలి, రెండు బ్రేకుల పట్టు, చైన్ వదులు, ఆయిల్ మట్టం, అన్ని దీపాలు, హ్యాండిల్ ఇరువైపులా అడ్డు లేకుండా తిరగడం, యాక్సిలరేటర్ వదలగానే వెనక్కి రావడం.. ఈ ఏడూ చూస్తే చాలు. గంటకోసారి ఆగి నీళ్లు తాగాలి. ఆగిన ప్రతిసారీ టైర్లపై ఒక చూపు వేయాలి. తిరుగు ప్రయాణానికి ముందు కూడా ఇదే పరీక్ష మళ్లీ జరగాలి. అలసట, తొందర, చీకటి మూడూ కలిసేది అప్పుడే. ఇల్లు చేరవలసింది ఆ ప్రయాణంలోనే.